ఏకకంఠ ధ్రువపత్రం

రేవుపట్నంలో నలుగురు మనుషులు ఒకే పాటను నాలుగు రకాలుగా పాడుతున్నారన్న సంగతి ప్రభుత్వానికి తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. తెలిశాక మాత్రం ప్రభుత్వం ఆలస్యం చేయలేదు.

ఆ నలుగురిలో ఒకరు బెజ్జం సులోచన గారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ళు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా ఆదివారం రక్తదాన శిబిరాన్ని వదల్లేదు. పాట మొదలైంది కూడా అక్కడే. రక్తం ఇచ్చినవాళ్ళు పావుగంట సేపు కదలకుండా కూర్చోవాలి. బిస్కెట్లు తిని, జ్యూస్ తాగి, ఒళ్ళు కుదుటపడ్డాక లేవాలి. మనవాళ్ళు కూర్చుంటేగా. చేతికి దూది అంటించడం ఆలస్యం, బండి తాళాలు తీసేవారు. బతిమాలి, బెదిరించి విసిగిపోయిన సులోచన గారు ఒక ఆదివారం తనతో పాటు చర్చిలో పాడే గిడియోను గారిని వెంటబెట్టుకొచ్చి, హాల్లో ఓ మూల నిలబడి పాట ఎత్తుకున్నారు. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

గిడియోను గారు గూడ్సు బండి గార్డుగా చేసి దిగిన మనిషి. ఆయన గొంతు కిందికి దిగితే కుర్చీల కాళ్ళు కూడా వింటున్నట్టుండేది. తర్వాత పతంజలి వచ్చి చేరాడు. బీమా ఆఫీసు గుమాస్తా, చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడు. రక్తం ఇవ్వడానికని వచ్చి పావుగంటకు బదులు రెండు గంటలు కూర్చుండిపోయాడు. నాలుగో మనిషి హమీదా, మున్సిపల్ హైస్కూలు లెక్కల టీచరు. ఆవిడ గొంతు పైకి వెళ్ళినప్పుడు ఎక్కడా గీత పడేది కాదు.

చర్చిలో దీన్ని పార్టులు పాడటం అంటారు. నలుగురూ ఒకే మాటను ఒకేసారి పలుకుతారు కానీ ఒక్కొక్కరి స్వరం ఒక్కో మెట్టు మీద ఉంటుంది. పాట వరస పట్టుకుని పైన వెళ్ళేది హమీదా. అడుగున గిడియోను గారు. ఆయనకు పైన పతంజలి. హమీదాకు సరిగ్గా కింద సులోచన గారు. ఆ పార్టును ఆల్టో అంటారు. అది ఉన్నట్టు వినేవాళ్ళకు తెలియదు. లేకపోతే మాత్రం ఏదో తక్కువైందని తెలుస్తుంది, ఏం తక్కువైందో చెప్పలేరు. నలభై ఏళ్ళుగా ఆవిడ ఆ పార్టే పాడుతున్నారు. మీ అందరి పాట బాగుందని అన్నవాళ్ళున్నారు గానీ, మీ పాట బాగుందని ఆవిడతో అన్నవాళ్ళు లేరు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదనే అనుకునేవారు.

తొమ్మిదేళ్ళలో ఆ పాట కోసమే రక్తం ఇచ్చేవాళ్ళు తయారయ్యారు. ముఖ్యంగా ఎండాకాలంలో. కాలేజీలకు సెలవులిస్తే కుర్రాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో అరలు ఖాళీ అవుతాయి. తలసీమియా వార్డులో ఉన్నవాళ్ళకు సెలవులుండవు. మూడు వారాలకోసారి వాళ్ళ ఒంట్లోకి ఎవరో ఒకరి రక్తం ఎక్కితీరాలి. ఆ మూడు నెలలూ వార్డును నడిపించేది ఆదివారం పాటే అని డాక్టర్లు కూడా అనేవారు.

ఇలా ఉండగా ఉత్తర్వు వచ్చింది.

దాని వెనక కథ ఏమిటంటే, వేరే జిల్లాలో ఎక్కడో ఒక పెద్దమనిషి సభలో ప్రార్థనాగీతం పాడటానికి మూడు స్కూళ్ళ పిల్లల్ని ఒకే వేదిక ఎక్కించారు. మూడు స్కూళ్ళూ ఆ పాటను మూడు వరసల్లో నేర్పించాయి. ఎవరూ తగ్గలేదు. పెద్దమనిషి నొచ్చుకున్నారు. నెల తిరక్కుండా రాష్ట్రమంతటికీ కాగితం వచ్చింది: ‘ప్రభుత్వ ఆవరణలయందు జరుగు సమస్త కార్యక్రమములలో సమూహగానము ఏకకంఠముతో ఉండవలెను. భిన్నకంఠములు గమనించబడినచో తగు చర్య గైకొనబడును.’

దీన్ని అమలుచేసే బాధ్యత జిల్లా సాంస్కృతిక సమన్వయ శాఖ మీద పడింది. అప్పటిదాకా ఆ శాఖకు చెప్పుకోదగ్గ పని లేదు. జిల్లాలో సంస్కృతి దానంతట అదే సమన్వయంగా ఉండేది. అందుకని ఆ శాఖ ఉపసంచాలకులు పరాంకుశరావు గారు ఈ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేశారు. వెంటనే ఏకకంఠ పర్యవేక్షణ విభాగం అని ఒకటి ఏర్పాటు చేసి, అందులో భాగ్యశేఖరాన్ని పరిశీలకుడిగా వేశారు.

భాగ్యశేఖరం గారికి యాభై నాలుగేళ్ళు. లంచం ముట్టరు, సెలవు పెట్టరు, ఉన్నది ఉన్నట్టు రాస్తారు. ఆఫీసులో జనం భయపడేది ఆ మూడో గుణానికే. మార్చి మొదటి ఆదివారం ఆయన ఆసుపత్రి లెక్చర్ హాలుకు వచ్చి, మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చుని, పాటలన్నీ విని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. బుధవారం నాటికి నోటీసు వచ్చింది. దానికి ఆయన నివేదిక కూడా జతచేశారు.

‘పాడినవారు నలుగురు. వినిపించిన స్వరములు నాలుగు. ఏ సమయమందునూ ఏ ఇద్దరి మధ్యనూ ఏకాభిప్రాయము కానరాలేదు. పాట ముగియువరకు నలుగురూ తమ తమ స్వరములకే కట్టుబడి ఉన్నారు. పిదప ఒకరినొకరు చూచుకొని చిరునవ్వు నవ్వుకొనుటను బట్టి ఇది ముందస్తు అవగాహనతో జరిగినట్లు భావించవలసియున్నది.’

గిడియోను గారు దాన్ని రెండుసార్లు చదివి, ఇందులో అబద్ధమేమీ లేదే అన్నారు.

విచారణ శుక్రవారం. పరాంకుశరావు గారి గది పెద్దది. గోడకు ఒక వీణ వేలాడుతూ ఉండేది, తీగలు లేవు. ఆయన నలుగుర్నీ కూర్చోబెట్టి, కళల పట్ల శాఖకున్న గౌరవం గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. ఒకే పాట గదా, ఆ వరసేదో నలుగురూ ఒకేలా పాడితే పోయేదేముంది అన్నది ఆయన ప్రశ్న. ఇందులో అసలు పాట ఎవరిదని అడిగారు. హమీదా తనదే అని ఒప్పుకోవలసి వచ్చింది. అయితే మిగిలిన ముగ్గురూ దారి తప్పినవాళ్ళేనని ఆయన రాసుకున్నారు.

సులోచన గారు కలగజేసుకుని, దారి తప్పడం కాదండీ, ఎవరి దారి వాళ్ళకుంది అన్నారు. ఆ దారి ఏమిటో ఒక్కసారి వినిపించమన్నారు పరాంకుశరావు గారు.

ఆవిడ లేచి నిలబడి తన పార్టు ఒక్కటే పాడారు. వాళ్ళ చర్చిలో పాట నేర్పిన జ్ఞానరత్నం మాస్టారు కట్టిన వాన పాట అది. ఒంటరిగా పాడితే అందులో చెప్పుకోదగ్గ కదలికేమీ లేదు. ఒక మెట్టు దిగడం, మళ్ళీ ఎక్కడం, మధ్యలో చాలాసేపు ఉన్నచోటే నిలబడటం. 

“ఇది పాటేనా అమ్మా?” అన్నారు పరాంకుశరావు గారు.

“కాదండి. పాటలో నాలుగో వంతు.”

“మరి తక్కిన ముప్పావు?”

“వీళ్ళ దగ్గరుందండి.”

ఆయన కలం ఆపారు. ప్రభుత్వ ఆవరణలో ఒక మనిషి పూర్తి పాట పాడకుండా పావు పాట మాత్రమే పాడటం ఇంకో కొత్త ఉల్లంఘన అవుతుందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. అది మరో నియమావళి కిందికి వస్తుంది కనుక ప్రస్తుతానికి పక్కనబెడుతున్నానని చెప్పి, తాము ఎవరి పొట్టా కొట్టబోమనీ, ఎవరి గొంతూ నొక్కబోమనీ, నలుగురికీ సమాన న్యాయం జరిగే మార్గం శాఖ చూపిస్తుందనీ హామీ ఇచ్చారు.

ఆ మార్గం పదిరోజుల్లో దొరికింది. దాని పేరు సగటు స్వరం.

హమీదా లెక్కల టీచరని తెలిసి పరాంకుశరావు గారు ఆవిడకే ఆ పని అప్పజెప్పారు. హార్మోనియం మెట్లకు ఎడమ నుంచి అంకెలు వేయాలి. ఒక్కో మాట దగ్గర నలుగురి మెట్లూ కూడి నాలుగుతో భాగించాలి. వచ్చిన మెట్టు మీద నలుగురూ నిలబడాలి. ఎవరి స్వరాన్నీ తోసిపుచ్చినట్టు కాదు, అందరి స్వరానికీ అందులో పావు వాటా ఉంటుంది. పాటకు సగటు తీయడం కుదరదని హమీదా చెప్పబోయారు. నాలుగంకెల సగటు ఏడో తరగతి లెక్కే గదమ్మా అని ఆయన నవ్వారు. ఆవిడ ఇంటికెళ్ళి లెక్క కట్టారు. మొదటి మాట దగ్గర గిడియోను గారిది ఎనిమిదో మెట్టు, పతంజలిది పదిహేను, సులోచన గారిది ఇరవై, తనది ఇరవై నాలుగు. సగటు పదహారు ముప్పావు వచ్చింది. ఆ ముప్పావు మెట్టు హార్మోనియంలో లేదని ఆఫీసుకు ఫోన్ చేస్తే, దగ్గర్లో ఉన్న పూర్తి మెట్టుకు సవరించుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి వచ్చింది.

వాన పాట మొత్తానికి లెక్క కట్టేసరికి ఆదివారం గడిచిపోయింది. పాటంతా మూడు మెట్ల మధ్య సర్దుకుంది. ఒక గొంతు పైకి వెళ్తుంటే ఇంకో గొంతు కిందికి వచ్చేలా కట్టారు మాస్టారు. సగటు తీసేసరికి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా నిలబడిపోయాయి. చేల మీదికి వాన తరుముకొచ్చే చోట కూడా సగటు మెట్టు పదిహేడే.

రిహార్సలు శాఖ ఆఫీసులోనే జరిగింది. హమీదాకు ఆ మెట్టు మరీ కింద. గొంతు నూతిలోకి దింపినట్టుండేది. గిడియోను గారికి అది మరీ పైన. పొట్టి దుప్పట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టుందని ఆయన అన్నారు. పతంజలికి ఆ మెట్టు సరిగ్గా సరిపోయింది. సరిపోవడమే అతణ్ణి కుంగదీసింది. రెండు రోజులు అన్నం సయించలేదని వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది.  శాఖ పెట్టిన పరీక్ష పూర్తయ్యాక నలుగురికీ కలిపి ఒక ఏకకంఠ ధ్రువపత్రం ఇచ్చారు. దాని మీద భాగ్యశేఖరం గారి సంతకం ఉంది. స్వరాలు ఒకటేనని ఆయన మూడుసార్లు విని మరీ సంతకం చేశారు.

తర్వాతి ఆదివారం శిబిరంలో సగటు స్వరంలో వాన పాట పాడారు. రక్తం ఇచ్చి కూర్చున్నవాళ్ళు కాసేపు మర్యాదకు విన్నారు. తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక వరసలో ఒకాయన జ్యూస్ ప్యాకెట్ జేబులో పెట్టుకుని లేచాడు. ఆయన వెనకే ఇంకో పదిమంది లేచారు. అలా లేచి తొందరగా వెళ్ళిన వాళ్ళలో ఒక ఎలక్ట్రీషియను సైకిల్ స్టాండు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. పెద్ద దెబ్బేం తగల్లేదు. కానీ రక్తం ఇస్తే మనిషి పడిపోతాడట అన్న మాట సాయంత్రానికి చేపల మార్కెట్టు దాకా పాకింది.

ఆ పై ఆదివారం నలభైమంది రావలసిన చోటికి ఏడుగురొచ్చారు. భాగ్యశేఖరం గారు వచ్చి, మూడో వరస చివరి కుర్చీలో కూర్చుని, నిబంధన పాటించబడినదని రాసుకుని వెళ్ళారు.

గురువారం సులోచన గారు తలసీమియా వార్డుకు వెళ్ళారు. చంద్రిక మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ రక్తం ఎక్కించుకుంటోంది. ఆ సంచుల్లో ఎన్నింటికి సులోచన గారు తన చేత్తో చీటీలు అంటించారో లెక్కలేదు. ఆ వారం చంద్రికకు సోమవారమే రక్తం ఎక్కాలి. బి నెగెటివ్ లేదు. పక్క జిల్లాకు కబురు పెట్టారు. పెదవులు పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతోంది. అయినా డిగ్రీ పరీక్ష పుస్తకం ఒళ్ళోనే ఉంది.

“ఆదివారం నేను కిటికీ దగ్గరే ఉన్నానాంటీ,” అంది చంద్రిక. “హాల్లో ఎవరో మూలుగుతున్నారనుకున్నా. మీరేనని సిస్టర్ చెప్పింది.”

సులోచన గారు ఆ పిల్ల తల నిమిరి, శనివారంలోగా రక్తం వస్తుందని చెప్పి బయటికొచ్చారు.  ఆవిడకు కోపం రావడం అరుదు. వచ్చినప్పుడు గొంతు పెంచరు, చదవడం మొదలుపెడతారు. బ్లడ్ బ్యాంకులో సంచి మీది చిన్నక్షరాలు చదవని మనిషి ఒక ప్రాణం తీయగలడని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పిన మనిషి ఆవిడ. అలాంటిది ఇన్ని వారాల్లో ఆ ఉత్తర్వును తను ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. అందరూ చెప్పిందే విన్నారు. ఇంటికెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని పదకొండు పేజీలూ చదివారు. తొమ్మిదో పేజీలో నిర్వచనాలున్నాయి. ‘గాయకులు అనగా వేదికపై నిలిచి పాడువారు.’

మర్నాడు ముగ్గుర్నీ పిలిచి ఆ వాక్యం చూపించారు. వేదిక మీద హమీదా ఒక్కతే ఉంటుంది. ఒకరే కనుక ఒకే కంఠం. తక్కిన ముగ్గురూ కింద జనంలో కూర్చుంటారు. జనం ఏం చేయాలో, ఏం చేయకూడదో ఉత్తర్వులో ఎక్కడా లేదు. పతంజలి ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, రెండు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు. హమీదా మాత్రం ఒప్పుకోలేదు. పేరంతా తనకొస్తుందనీ, తొమ్మిదేళ్ళు పక్కన నిలబడ్డవాళ్ళను కింద కూర్చోబెట్టి తను పైకెక్కలేననీ అంది.

“నేను కనబడకపోయినా పరవాలేదమ్మా,” అన్నారు సులోచన గారు. “వినబడకపోయినా అలవాటే. పాడకుండా ఉండటమే నావల్ల కావట్లేదు.”

హమీదా ఆ కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ఆదివారం నాడు గిడియోను గారు వెనక గోడ దగ్గర, పతంజలి కిటికీ పక్కన కూర్చున్నారు. సులోచన గారికి చోటు దొరకలేదు. ముందు వరసలన్నీ రక్తం ఇచ్చినవాళ్ళకు వదిలేయాలి. మిగిలింది మూడో వరసలో, ‘పరిశీలకులు’ అని చీటీ అంటించిన కుర్చీ పక్క కుర్చీ ఒక్కటే. ఆవిడ వెళ్ళి అందులో కూర్చున్నారు. భాగ్యశేఖరం గారు నమస్కారం పెట్టారు, ఆవిడా పెట్టారు.

హమీదా వేదిక మీద వాన పాట ఎత్తుకుంది. రెండో మాటకు వెనక గోడ దగ్గర నుంచి నేల కదిలినట్టు ఒక గొంతు లేచింది. కిటికీ పక్క నుంచి ఇంకోటి. భాగ్యశేఖరం గారు అటూ ఇటూ తిరిగి చూశారు. ఆఖరికి ఆయన ఎడమ చెవికి జానెడు దూరంలో నాలుగోది వినిపించింది.

పాటయ్యాక ఆయన మెల్లగా, మీరు పాడారా అని అడిగారు. పాడలేదండీ, కూనిరాగం తీశాను అన్నారు ఆవిడ. ఆయన సంచిలోంచి ఉత్తర్వు తీసి కూనిరాగం గురించి వెతికారు. కనబడలేదు. ఇంకోసారి వెతికారు. తర్వాత కలం తీసి రాసుకున్నారు: ‘వేదికపై గాయకులు: ఒకరు. కంఠములు: ఒకటి. నిబంధన పాటించబడినది.’ ఉన్నది ఉన్నట్టు రాయడంలో ఆయనకు ఏ లోపమూ కనబడలేదు.

ఆరోజు పద్దెనిమిదిమంది రక్తం ఇచ్చారు. పై ఆదివారం ముప్పైమంది. మే నెల నడిమికి వరండాలో బల్లలు వేయాల్సొచ్చింది. పాడే మనిషి పక్క కుర్చీలోనే ఉంటాడన్న సంగతి జనానికి కొత్తగా ఉంది. కొందరు గిడియోను గారి పక్కన కూర్చోవడానికని ముందుగా వచ్చేవారు. అడుగు గొంతు అందుకుందామని ప్రయత్నించేవారు. కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు పతంజలితో కలిసేవారు. పేపర్లో ఒకాయన, హాలంతా ఒక గొంతై పలికిందని రాశాడు. ఆ ముక్క కత్తిరించి పరాంకుశరావు గారు పై అధికారులకు పంపారు. జవాబుగా ఆసుపత్రి శిబిరాన్ని ఆదర్శ ఏకకంఠ కార్యక్రమంగా ప్రకటించారు. ఏకైక గాయనికి శాలువా కప్పారు. హమీదా దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేక బ్లడ్ బ్యాంకు నర్సుకు ఇచ్చేసింది. చంద్రికకు మే, జూన్ నెలల్లో ఒక్కసారి కూడా తేదీ తప్పలేదు. పరీక్షలు రాసి పాసైంది.

పదకొండు ఆదివారాలు భాగ్యశేఖరం గారు వచ్చారు. పదకొండుసార్లూ అదే కుర్చీ. ఎడమ చెవిలో అదే గొంతు. ఆయన సంగీతం తెలిసిన మనిషి కాదు. పాట అంటే హమీదా పాడేదే అని ఆయనా అనుకునేవారు. కానీ ఆయన కూర్చున్న చోట వేదిక మీది గొంతు దూరం నుంచి వచ్చేది, పక్కదే పెద్దగా వినబడేది. మొత్తం హాల్లో ఆల్టోను పాటగా విన్న మనిషి ఆయన ఒక్కడే. ఏడో ఆదివారమో ఎనిమిదో ఆదివారమో ఆయన సందేహిస్తూ ఒక మాట అడిగారు. రెండో చరణంలో అందరూ పైకెళ్తున్నప్పుడు మీరొక్కరే కిందికి దిగుతున్నారు, పొరపాటేమో చూసుకోండి అన్నారు. పొరపాటు కాదండీ, నేను దిగితేనే వాళ్ళు ఎక్కినట్టు తెలుస్తుంది అన్నారు సులోచన గారు. ఆయన దాన్ని నివేదికలో రాయలేదు. ఏ గడిలో రాయాలో తెలియలేదు.

జూన్ ఆఖరున పరాంకుశరావు గారు జిల్లా స్థాయిలో ఏకకంఠ దినోత్సవం తలపెట్టారు. స్టేడియంలో అన్ని శాఖల ఉద్యోగులు ఆరువందల మందిని నిలబెట్టి శాఖాగీతం పాడించారు. ఆ గీతం పరాంకుశరావు గారే రాశారు, నెల రోజులు అభ్యాసం చేయించారు. అప్పటికప్పుడు ఆకాశం మబ్బుపట్టి చల్లటి గాలి వీచింది. భాగ్యశేఖరం గారు పదకొండో వరసలో నిలబడ్డారు. మొదటి చరణం సజావుగా సాగింది. రెండో చరణంలో ఆరువందల గొంతులు ఒక్కసారిగా పైకి లేచినచోట, తన గొంతు తనకు చెప్పకుండా ఒక మెట్టు దిగి, అక్కడ హాయిగా నిలబడటం ఆయన విన్నారు. పక్కనున్న వ్యవసాయ శాఖ ఆయన తల తిప్పి చూశాడు. భాగ్యశేఖరం గారు గొంతు సరిచేసుకుని పైకెక్కబోయారు. పై మాటకు మళ్ళీ దిగిపోయారు.

అంత జనంలో అది ఇంకెవరికీ వినబడలేదు. పరాంకుశరావు గారు కార్యక్రమం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందని మైకులో ప్రకటించారు కూడా. కానీ జిల్లాలో ఏకకంఠానికి పరిశీలకుడు ఒక్కడే. ఆయన అక్కడే ఉన్నాడు, విన్నాడు. సాయంత్రం ఆఫీసుకెళ్ళి నివేదిక రాశారు: ‘పాడినవారు ఆరువందలు. ఐదువందల తొంభై తొమ్మిదిమంది ఏకకంఠముతో పాడిరి. ఒకరు భిన్నకంఠముతో పాడిరి. సదరు వ్యక్తి ఈ నివేదిక సమర్పించువారే.’

దాన్ని చింపేయమని పరాంకుశరావు గారు చెప్పిచూశారు. శాఖ పరువు గురించి చెప్పారు. నివేదికకు నంబరు పడిపోయిందని భాగ్యశేఖరం గారు చెప్పారు. నంబరు పడ్డ కాగితాన్ని ఏ ఉపసంచాలకులూ ఏమీ చేయలేరు. పరాంకుశరావు గారు నిట్టూర్చి, తన విభాగపు ఏకైక పరిశీలకుడికి సంజాయిషీ నోటీసు మీద సంతకం పెట్టారు. దాన్ని టైపు చేసి, కవర్లో పెట్టి, తనకు తానే అందజేసుకుని, అందినట్టు సంతకం చేసింది భాగ్యశేఖరం గారే.

రెండు రోజుల తర్వాత ఆయన సులోచన గారింటికి వచ్చారు. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుని, కవరు రెండు చేతులతో పట్టుకుని వచ్చిన పని చెప్పారు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో తను నోటీసులు రాయడమే గానీ జవాబు రాసి ఎరగడు. అందులోనూ దీనికి ఏం రాయాలో అసలే తెలియడం లేదు.

“కావాలని చేశావా అని అడుగుతున్నారండి. కావాలని చేయలేదు. అలాగని పొరపాటని రాయలేకపోతున్నా. అలా దిగినప్పుడు నాకు... బాగానే ఉందండి.”

సులోచన గారు చిక్కుడుకాయల చేట పక్కనబెట్టారు. ఏం పాడారో ఒకసారి వినిపించమన్నారు. ఆయన మొహమాటపడ్డారు. వీధి వైపు చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని, శాఖాగీతం మాటలు వదిలేసి, వాన పాట రెండో చరణం ఎత్తుకున్నారు. వరస కాదు, ఆల్టో. ఒక మెట్టు దిగడం, నిలబడటం, మళ్ళీ ఎక్కడం. గొంతు బొంగురుగా ఉంది. శ్రుతి అక్కడక్కడా జారుతోంది. కానీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎంతసేపు నిలబడాలో అంతసేపు నిలబడింది.

ఆ పార్టు తన నోట్లోంచి కాకుండా బయట నుంచి రావడం ఆవిడ నలభై ఏళ్ళలో మొదటిసారి విన్నారు.  కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

“మూడో మాట దగ్గర కొంచెం ముందే దిగిపోతున్నారు,” అన్నారు చివరికి. “ఒంటరిగా పాడితే తెలియదు లెండి. పైన వరస ఉండాలి.”

పైన వరస పాడటానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఆవిడ గొంతు సవరించుకున్నారు. నలభై ఏళ్ళుగా తన నెత్తిమీదుగా వెళ్ళిపోతూ వచ్చిన ఆ వరసను, అందుతుందో లేదోనన్న భయంతోనే, మొదటి మాట నుంచి అందుకున్నారు. భాగ్యశేఖరం గారు కవరు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడకు ఒక మెట్టు కింద సర్దుకుని కూర్చున్నారు.

సంజాయిషీకి ఇంకా ఐదు రోజుల గడువుంది.